ఎంజైముల చరిత్ర – 11: తెగిన లంకెల లెక్క

1945 ఏప్రిల్ 15న బ్రిటిష్ సైనికులు ఉత్తర జర్మనీలోని బెర్గెన్-బెల్సెన్ నిర్బంధ శిబిరంలో అడుగుపెట్టారు. లోపల సుమారు 60 వేల మంది ప్రాణాలతో ఉన్నారు. పూడ్చే దిక్కు లేక వేల శవాలు ఆరుబయటే పడి ఉన్నాయి. టైఫస్ ఒకవైపు, అతిసారం ఒకవైపు, ఆ రెంటి వెనకా నెలల తరబడి ఆకలి. విడుదల దొరికిన తర్వాత కూడా అక్కడ 13 వేల మందికి పైగా కన్నుమూశారు.

కొద్ది రోజుల్లోనే బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ పంపిన ఒక చిన్న బృందం అక్కడికి చేరింది. దానికి పెద్ద డాక్టర్ జానెట్ వాన్. రక్తవ్యాధుల నిపుణురాలు. లండన్ మీద బాంబులు పడుతున్న రోజుల్లో రక్తం సేకరించి సరఫరా చేసిన డిపో ఒకదాన్ని నడిపిన మనిషి. ఆమె వెంట చార్లెస్ డెంట్, రోజలిండ్ పిట్-రివర్స్ అనే ఇద్దరు. వాళ్లు తమతో తెచ్చిన మందు ఈ వారం మన కథకు మొదలు. అది ఎంజైముతో ముందుగానే అరిగించిన మాంసకృత్తి.

ఆలోచనలో తప్పేమీ లేదు. ఆకలితో చిక్కిపోయిన మనిషి పేగులో జీర్ణరసాలు కూడా చిక్కిపోతాయి. అన్నం పెట్టినా ఒంటబట్టదు. మాంసకృత్తిని బయటే ముక్కలు చేసి ఇస్తే పేగు శ్రమ తప్పుతుంది, నోటితో మింగలేనివాళ్లకు నరంలోకి కూడా ఎక్కించవచ్చు అనుకున్నారు. దీనికి దారి చూపింది మన దేశమే. 1943 బెంగాల్ కరువులో కలకత్తా వీధుల్లో పడిపోయిన వాళ్లకు కె.వి. కృష్ణన్, ఆయన సహచరులు ఇలాంటి ద్రావణాలు ఇచ్చి చూశారు. బొప్పాయి పాలలో ఉండే పపైన్ ఎంజైముతో మాంసాన్ని అరిగించి తయారు చేసిన ద్రావణాలవి. ఫలితాలను 1944లో ఇండియన్ మెడికల్ గెజిట్‌లో ప్రచురించారు. ఆశ కలిగించే ఫలితాలే. అక్కడి నుంచే ఆ ఆశ యూరప్‌కు ప్రయాణం కట్టింది.

బెల్సెన్‌లో ఆ ఆశ నిలవలేదు. సూది చూడగానే రోగులు వణికిపోయారు. ఆ శిబిరాల్లో సూది అంటే చావుకు ముందు మెట్టు. తమను కాల్చే కొలిమికి పంపొద్దని డాక్టర్ల కాళ్లావేళ్లా పడ్డారు. సరే, నోటితో తాగించబోతే ఆ వాసన, ఆ రుచి ఎంత దుర్భరమంటే, ఆకలితో చచ్చిపోతున్న మనుషులు కూడా గుటక వేయలేక తిప్పికొట్టారు. వాన్ బృందం వారాల తరబడి పోల్చి చూసి, దాపరికం లేకుండా రాసింది: మామూలు పాలు, కొద్దికొద్దిగా, తరచుగా నోటితో పట్టడమే మేలు. తాము పట్టుకొచ్చిన మందు పనికిరాలేదని తామే ప్రకటించిన ఆ డాక్టర్ల నిజాయితీకి నేను చేతులెత్తి నమస్కరిస్తాను.

ఆకలితో ఉన్నవాడు కూడా మింగలేనంత చేదు ఎక్కడిది? పాలలో లేదు, మాంసంలో లేదు. అరిగించినప్పుడు పుట్టింది. ఎలా పుట్టింది, ఎంతవరకు అరిగిస్తే పుడుతుంది, ఎక్కడ ఆపితే పుట్టదు? ఈ ప్రశ్నలకు అంకెల్లో జవాబు రావడానికి ఇంకో 30 ఏళ్లకు పైగా పట్టింది. ఆ జవాబు డెన్మార్క్‌లో, ఒక వాషింగ్ పౌడర్ ఎంజైము తయారు చేసే కంపెనీలో, యెన్స్ ఆడ్లర్-నిస్సెన్ అనే పరిశోధకుడి బల్ల మీద తయారైంది.

ముందు చేదు సంగతి చూద్దాం. మాంసకృత్తి అంటే అమైనో ఆమ్లాలు వరసగా లంకెలతో కలిసిన గొలుసు. ఆ లంకెకే పెప్టైడ్ బంధం అని పేరు. గొలుసు పొడుగ్గా సాగి ఉండదు, ఉండచుట్టుకుని ఉంటుంది. ల్యూసిన్, ఫినైల్ అలనిన్ లాంటి, నీళ్లంటే గిట్టని అమైనో ఆమ్లాలు ఆ ఉండ లోపలికి నక్కి ఉంటాయి. నాలుక మీద పాలు పోసుకుంటే ఆ లోపలి సరుకు నాలుకకు తగలదు. ఎంజైము వచ్చి గొలుసును తెంపిందా, ఉండ విడిపోతుంది, దాక్కున్నవన్నీ ముక్కల చివర్లలో బయటపడతాయి. అవి నాలుకకు తగిలితే కాకరకాయ కూడా చిన్నబోయేంత చేదు. ఇంకా తెంపుకుంటూ పోయి, దేనికది విడి అమైనో ఆమ్లాలుగా చేస్తే చేదు మళ్లీ తగ్గుతుంది. అంటే చేదంతా నడిమి ముక్కల్లో ఉంది. 1971లో జర్మనీ శాస్త్రజ్ఞుడు నై ఒక సూత్రం చెప్పాడు: ముక్కలోని అమైనో ఆమ్లాల నీటి-వైముఖ్యం సగటు కడితే, అది 1400 దాటినవి చేదు, 1300 లోపువి చేదు కావు. పాలలోని కేసీన్, సోయా మాంసకృత్తి ఎక్కువ వైపు పడ్డాయి. జెలటిన్ తక్కువ వైపు పడింది. బెల్సెన్ డాక్టర్లు ఎదుర్కొన్నది ఏమిటో రసాయనం భాషలో అప్పటికి గానీ తెలియలేదు.

ఎంజైముతో అరిగించడం మనకు కొత్త కాదు. మటన్ ముదురుగా ఉంటే నాలుగు పచ్చి బొప్పాయి ముక్కలు నూరి పట్టించడం హైదరాబాదు వంటిళ్లలో ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి. ఎంతసేపు ఉంచాలో చేయి తిరిగినవాళ్లకు తెలుసు. ఎక్కువసేపు ఉంచితే మాంసం పిండిలా జావగారిపోతుంది. ఆ చేతివాటం ఒక ఇంటికి సరిపోతుంది. టన్నుల్లో చేసే ఫ్యాక్టరీకి, పసిపిల్లల డబ్బా పాలకు, ఆస్పత్రి సీసాకు చేతివాటం చాలదు. ఎన్ని లంకెలు తెగాయో లెక్క కావాలి.

ఆ లెక్క ఎవరి దగ్గరా లేకపోవడమే అసలు చిక్కు. అప్పటి పరిశోధన పత్రాల్లో ఎక్కువగా కనిపించే కొలత ఒకటుంది: ట్రైక్లోరో ఎసిటిక్ ఆమ్లం పోస్తే అడుక్కి పేరుకోకుండా కరిగి మిగిలిన నత్రజని ఎంతశాతం అని చూడటం. అది కరిగే ముక్కల్ని చెబుతుందే కానీ తెగిన లంకెల్ని చెప్పదు. ఒకే శాతం చూపించిన రెండు ద్రావణాల్లో కోతల సంఖ్య వేరువేరుగా ఉండొచ్చు. ఒక ఊళ్లో చేసిన ప్రయోగాన్ని ఇంకో ఊళ్లో పోల్చి చూసుకునే వీలు లేదు.

దీనికి విరుగుడు కోపెన్‌హేగెన్‌లో పుట్టడం యాదృచ్ఛికం కాదని నా నమ్మకం. ఆ ఊళ్లో మాంసకృత్తిని కొలవడం మూడు తరాల వారసత్వం. ఇక్కడ కాస్త నిదానంగా నడవాలి.

1847లో జె.సి. యాకబ్‌సెన్ అనే ఆసామి కోపెన్‌హేగెన్ దగ్గర ఒక బీరు కంపెనీ పెట్టి, తన కొడుకు కార్ల్ పేరు కలిపి కార్ల్స్‌బర్గ్ అని పేరు పెట్టాడు. బీరు రుచి ఒక్కో విడతకూ మారిపోవడం ఆయనకు నచ్చలేదు. 1875లో కంపెనీ పక్కనే ప్రయోగశాల కట్టించాడు. దానికి ఒక నియమం పెట్టాడు: అక్కడ కనిపెట్టింది సిద్ధాంతమైనా, వ్యాపారానికి పనికొచ్చేదైనా దాచకూడదు, ప్రచురించాలి. వ్యాపారి తన సొంత డబ్బుతో పెట్టిన నియమమిది! 1883లో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ అక్కడ శుద్ధమైన ఈస్టును వేరుచేస్తే, దాన్ని పోటీ కంపెనీలకు కూడా ఉచితంగా ఇచ్చారు.

అదే 1883లో, అదే ప్రయోగశాలలో, యోహాన్ కెల్డాల్ గింజల్లో నత్రజని కొలిచే పద్ధతి ప్రకటించాడు. నమూనాను గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో మరిగించి, అందులోని నత్రజనిని అమ్మోనియాగా మార్చి, దాన్ని బట్టీపట్టి కొలవడం. వచ్చిన నత్రజనిని 6.25తో గుణిస్తే మాంసకృత్తి ఎంతో ఉజ్జాయింపుగా తెలుస్తుంది. మాంసకృత్తిలో నత్రజని సుమారు 16 శాతం కాబట్టి ఆ గుణకం. ఈ రోజుకీ మన బిస్కెట్ పొట్లం మీద, పశువుల దాణా బస్తా మీద ప్రొటీన్ శాతం అని ముద్రించిన అంకె వెనక చాలాసార్లు ఉండేది ఈ పద్ధతే.

కెల్డాల్ పద్ధతిలో ఒక లొసుగుంది, అది చెప్పకుండా వెళ్లకూడదు. అది నత్రజనిని చూస్తుంది, మాంసకృత్తిని చూడదు. 2008లో చైనాలో నీళ్లు కలిపిన పాలలో మెలమిన్ అనే నత్రజని నిండిన రసాయనం కలిపి ఈ పరీక్షను ఏమార్చారు. ఆరుగురు పసిబిడ్డలు చనిపోయారు, సుమారు 3 లక్షల మంది జబ్బుపడ్డారు. దేన్ని కొలుస్తున్నామో తెలియకుండా అంకెను నమ్మితే ఎంత ఘోరం జరుగుతుందో ఆ పిల్లల తల్లిదండ్రులకు తెలుసు.

కెల్డాల్ తర్వాత 1901లో ఆ పీఠం ఎక్కినవాడు ఎస్.పి.ఎల్. సోరెన్‌సెన్. ఆయన్ను లోకం 1909లో కనిపెట్టిన పీహెచ్ కొలమానానికి గుర్తుపెట్టుకుంది. మన రైతు చేతిలోని భూసార పరీక్ష కార్డు మీద ఉండే ఆ పీహెచ్ అంకె నిజానికి పుట్టింది ఎంజైముల మీద రాసిన పరిశోధన పత్రంలో. ఎంజైము పనితనం ఆమ్ల క్షార స్థితిని బట్టి మారుతుందని తేల్చే పనిలో, ఆ స్థితిని రాయడానికి ఒక తేలిక కొలమానం కావలసి వచ్చింది. అంతకు రెండేళ్ల ముందు, 1907లో, ఆయన ఇంకో పని చేశాడు. మన కథకు అదే ముఖ్యం.

లంకె తెగినప్పుడు రెండు కొసలు పుడతాయి. ఒకటి ఆమ్ల కొస, రెండోది అమైనో కొస. ఈ రెండూ ఒకదాన్నొకటి కప్పేసుకుని, కొలిచేవాడికి దొరకవు. సోరెన్‌సెన్ అందులో ఫార్మాలిన్ పోశాడు. అది అమైనో కొసల్ని పట్టేసుకుంటుంది. అప్పుడు ఆమ్ల కొసలు ఒంటరిగా నిలబడతాయి. వాటిని క్షారం చుక్కలతో లెక్కపెట్టడం సులువు. మాంసకృత్తి ఎంత తెగిందో చుక్కల్లో చెప్పిన తొలి పద్ధతుల్లో ఇదొకటి.

ఆయన శిష్యుడు కాయ్ లిండర్‌స్ట్రోమ్-లాంగ్ 1930ల చివర్లో అదే పీఠానికి వచ్చాడు. మాంసకృత్తి నిర్మాణానికి ప్రాథమిక, ద్వితీయ, తృతీయ అంతస్తులని మన ఇంటర్ పాఠ్యపుస్తకంలో చదువుకునే విభజన ఆయన పెట్టిందే. యుద్ధం ముగిసిన రోజుల్లో ఆయన, మార్టిన్ ఓటెసన్ ఒక వింత చూశారు. గుడ్డు తెల్లసొనలోని ఆల్బుమిన్ ద్రావణంలో బాక్టీరియా చేరింది. మామూలుగా సూదుల్లా రావలసిన స్ఫటికాలు పలకల్లా వచ్చాయి. పాడైపోయిందని పారబోయలేదు. బాక్టీరియా విడిచిన ఎంజైము ఆల్బుమిన్ గొలుసును కొద్దిగా కత్తిరించిందని తేల్చి, 1947లో ప్రకటించారు. ఆ ఎంజైమే సబ్టిలిసిన్. కార్ల్స్‌బర్గ్ పేరు దానికి ఇప్పటికీ తోకలా అంటిపెట్టుకుని ఉంది.

ఓటెసన్, లిండర్‌స్ట్రోమ్-లాంగ్, మరి ఇద్దరు కలిసి 1957లో పీహెచ్-స్టాట్ అనే సాధనం గురించి వివరంగా రాశారు. ద్రావణం పీహెచ్‌ను ఒకే చోట నిలబెట్టే యంత్రమది. ఎంజైము లంకెలు తెంపుతున్నకొద్దీ ద్రావణం పులుపెక్కుతుంది. యంత్రం వెంటనే క్షారం చుక్క వేసి సరిచేస్తుంది. ఎన్ని చుక్కలు వేసిందో రాసిపెడుతుంది. ఎన్ని చుక్కలు పడ్డాయో చూసుకుంటే ఎన్ని లంకెలు తెగాయో తెలిసినట్టే. ఎంజైము పని చేస్తూ ఉండగానే లెక్క వచ్చేస్తుంది.

ఇంతవరకు ప్రయోగశాల. ఇప్పుడు ఫ్యాక్టరీకి వద్దాం.

1920లలో హారల్డ్, థోర్వల్డ్ పెడర్సన్ అనే అన్నదమ్ములు కోపెన్‌హేగెన్‌లో ఇన్సులిన్ తయారీకి నోవో కంపెనీ పెట్టారు. ఇన్సులిన్ కోసం కబేళాల నుంచి పశువుల క్లోమం తెచ్చేవారు. ఇన్సులిన్ తీశాక మిగిలిన దానిలో ట్రిప్సిన్ ఉంటుందని, అది తోళ్ల పరిశ్రమకు పనికొస్తుందని 1940ల మొదట్లో దాన్నీ అమ్మడం మొదలుపెట్టారు. ఎంజైముల వ్యాపారంలోకి నోవో అలా వచ్చింది. 1960ల తొలి ఏళ్లలో బాసిల్లస్ లైకెనిఫార్మిస్ అనే బాక్టీరియా నుంచి తీసిన ఆల్కలేజ్‌ను వాషింగ్ పౌడర్ల కోసం బజారులోకి తెచ్చారు. చొక్కా మీది రక్తం మరక, గుడ్డు మరక, చెమట అన్నీ మాంసకృత్తులే. ఆల్కలేజ్ వాటిని కత్తిరించి వదిలిస్తుంది. ఆల్కలేజ్‌లోని ముఖ్యమైన కత్తి ఏదో తెలుసా? కార్ల్స్‌బర్గ్ వాళ్లు గుడ్డు తెల్లసొనలో చూసిన సబ్టిలిసినే.

యూరప్ అంతా దాన్ని ఎగబడి కొన్నది. 1969లో లాన్సెట్ వైద్య పత్రికలో ఒక నివేదిక వచ్చింది. వాషింగ్ పౌడర్ ఫ్యాక్టరీల్లో ఎంజైము ధూళి పీల్చిన కార్మికులకు ఊపిరితిత్తుల జబ్బులు వస్తున్నాయని. జనం భయపడ్డారు, అమ్మకాలు కుప్పకూలాయి. ఎంజైమును పొడిగా కాకుండా మైనపు పూతతో గుళికలుగా చేయడం నేర్చుకున్నాకే ఆ గండం గడిచింది. ఆ గుళికల వెనక ఊపిరి బిగబట్టుకుని పనిచేసిన కార్మికుల పేర్లు ఏ చరిత్రలోనూ లేవు. అందుకే వాళ్ల సంగతి ఇక్కడ రాస్తున్నాను.

1970లలో నోవోలో, కోపెన్‌హేగెన్ శివారు బాగ్స్‌వేర్‌లో, ఆడ్లర్-నిస్సెన్ చేతికి వచ్చిన సమస్య బట్టలది కాదు, సోయాది. నూనె తీశాక మిగిలే సోయా పిండిలో మాంసకృత్తి పుష్కలం. ఎక్కువ భాగం పశువుల దాణాకే పోయేది. మనుషుల ఆహారంలో, ముఖ్యంగా కూల్‌డ్రింకుల్లాంటి పుల్లటి పానీయాల్లో, దాన్ని కలిపితే బాగుండును. అక్కడే తిరకాసు. సోయా మాంసకృత్తి పీహెచ్ 4.5 దగ్గర విరిగిపోయి అడుక్కి దిగుతుంది. పుల్లటి పానీయంలో వేస్తే, నిమ్మకాయ పిండిన పాలలా ముక్కలు ముక్కలు. గొలుసును కొంచెం కత్తిరిస్తే పులుపులోనూ కరుగుతుంది. 1976లో ఆయన ప్రచురించిన పత్రం విషయం ఇదే: ఎంజైముతో కత్తిరించి మాంసకృత్తిని కరిగేలా చేయడం.

ఎంత కత్తిరించాలి అన్నదే కీలకం. తక్కువైతే కరగదు. ఎక్కువైతే చేదు. ఈ రెంటి నడుమ ఇరుకు సందు. అందులోంచి నడిచి వెళ్లాలంటే కొలబద్ద తప్పనిసరి.

ఆడ్లర్-నిస్సెన్ కొలబద్ద ఇదిగో. గొలుసులో మొత్తం 100 లంకెలున్నాయనుకోండి. ఎంజైము 10 తెంపింది. అంటే విచ్ఛేదనం 10 శాతం. శాస్త్రజ్ఞులు దీన్ని డీహెచ్ అంటారు. డీహెచ్ 10 అంటే మిగిలిన ముక్కల్లో ఒక్కోదానిలో సగటున 10 అమైనో ఆమ్లాలున్నట్టు. డీహెచ్ 5 అయితే సగటున 20. ఇంత సాదా లెక్క ఇది. సాదాగా ఉండటమే దీని బలం. అప్పటిదాకా ఎంజైము ఎంత వేశాం, ఎన్ని గంటలు ఉంచాం, ఎంత వేడిలో పెట్టాం అని రాసుకునేవారు. ఇప్పుడు ఏ దారిలో వచ్చినా సరే, డీహెచ్ ఎంత అన్నదే పోలిక.

లెక్క కట్టాలంటే రెండు అంకెలు కావాలి: తెగిన లంకెలు, మొత్తం లంకెలు. మొత్తం లంకెల కోసం ఒక్కో మాంసకృత్తిలోని అమైనో ఆమ్లాల కూర్పు నుంచి లెక్కలు కట్టి పట్టిక తయారైంది. ఒక గ్రాము సోయా మాంసకృత్తిలో 7.8 మిల్లీ ఈక్వివలెంట్ల లంకెలు, కేసీన్‌లో 8.2, జెలటిన్‌లో 11.1. జెలటిన్‌లో చిన్న చిన్న అమైనో ఆమ్లాలు ఎక్కువ, అందుకే గ్రాముకు లంకెలూ ఎక్కువ.

తెగినవి లెక్కించడానికి ఆయన రెండు దారులు వాడాడు. మొదటిది పీహెచ్-స్టాట్, కార్ల్స్‌బర్గ్ వారసత్వం. పీహెచ్ 8 దగ్గర తెగిన అమైనో కొసల్లో కొన్ని మాత్రమే ఆమ్లాన్ని పీల్చుకుంటాయి. అందుకని పడిన క్షారానికి ఒక సవరింపు గుణకం కట్టాలి. ఆ గుణకం పీహెచ్‌ను బట్టి, వేడిని బట్టి మారుతుంది. దాన్ని ఆయన ఓపికగా లెక్కకట్టి ఇచ్చాడు.

రెండోది 1979లో జర్నల్ ఆఫ్ అగ్రికల్చరల్ అండ్ ఫుడ్ కెమిస్ట్రీలో వచ్చిన పత్రం. ఆయన పేరు చెప్పగానే ఈ రంగంలోవాళ్లకు గుర్తొచ్చేది అదే. 1960లో జపాన్ శాస్త్రజ్ఞులు సతాకే బృందం ఒక రసాయనాన్ని పరిచయం చేసింది: ట్రైనైట్రో బెంజీన్ సల్ఫోనిక్ ఆమ్లం. అమైనో కొస కనపడగానే దానికి అతుక్కుని పసుపు రంగు తేలుతుంది. రంగు ఎంత చిక్కనైతే కొసలు అన్ని. ఆహారపదార్థాల్లో దీన్ని వాడటం మాత్రం కష్టం. అరిగించిన సోయా సగం కరిగీ సగం కరగకా ఉంటుంది, ముద్దలోని కొసలకు రసాయనం అందదు. ఆడ్లర్-నిస్సెన్ ముందుగా ఆ మొత్తాన్ని సబ్బు జాతి పదార్థం కలిపిన వేడి ద్రావణంలో కరిగించాడు. ముద్దలు విప్పుకున్నాయి, ఎంజైము పనీ అక్కడితో ఆగిపోయింది. తర్వాత పీహెచ్ 8.2 దగ్గర, 50 డిగ్రీల వేడిలో, చీకట్లో ఒక గంట రంగు తేలనిచ్చాడు. వెలుతురు తగిలితే రసాయనం తనంతట తానే రంగు మారుతుంది, అందుకని చీకటి. చివర్లో ఆమ్లం పోసి ఆపి, 340 నానోమీటర్ల కాంతిలో చదివాడు. ఎవరైనా, ఎక్కడైనా, ఒక నీళ్ల తొట్టి, ఒక స్పెక్ట్రోఫొటోమీటర్ ఉంటే చేసుకోగలిగిన పరీక్ష.

ఆ కొలబద్ద చేతికొచ్చాక సోయా ఎలా లొంగిందో చూడండి. సోయా మాంసకృత్తి ద్రావణంలో ఆల్కలేజ్ వేస్తారు. పీహెచ్ 8 దగ్గర నిలబెడతారు. క్షారం చుక్కలు లెక్కపెడుతూ ఉంటారు. డీహెచ్ సుమారు 10కి చేరగానే ఆమ్లం పోసేస్తారు. పులుపులో ఆల్కలేజ్ చచ్చిపోతుంది, కత్తి ఆగిపోతుంది. సిట్రిక్, మాలిక్ లాంటి పండ్ల ఆమ్లాలు వాడితే మిగిలిన కాస్త చేదు కూడా కప్పుకుపోతుంది. కరగని పిప్పిని వేరుచేస్తే, పులుపులోనూ తేటగా కరిగి ఉండే మాంసకృత్తి చేతికొస్తుంది. హెచ్.ఎస్. ఓల్సెన్‌తో కలిసి 1979లో ఈ తయారీ పద్ధతిని కూడా ప్రచురించాడు. కొద్దిగా, అంటే డీహెచ్ 3 నుంచి 6 దాకా కత్తిరిస్తే అదే సోయా గుడ్డు తెల్లసొనలా బాగా నురగ కడుతుంది. కేకుల వాళ్లకు, మిఠాయిల వాళ్లకు అది కావాలి. ఒకే సరుకు, ఒకే కత్తి. డీహెచ్ ఎక్కడ ఆపారన్న దాన్ని బట్టి రెండు వేరు సరుకులు.

కబేళాల్లో కాలువ పాలయ్యే రక్తం మీద కూడా నోవో బృందం ఇదే పని చేసింది. రక్తకణాల్లోని హిమోగ్లోబిన్‌ను ఆల్కలేజ్‌తో కత్తిరిస్తే, ముదురు ఎరుపు ఇచ్చే హీమ్ భాగం వేరుపడుతుంది, లేత రంగు మాంసకృత్తి మిగులుతుంది.

1986లో ఇదంతా కలిపి ఆయన రాసిన ‘ఎంజైమిక్ హైడ్రాలిసిస్ ఆఫ్ ఫుడ్ ప్రొటీన్స్’ లండన్‌లో పుస్తకంగా వచ్చింది. నాలుగు వందల పేజీలు దాటిన పుస్తకం. నాకు అందులో గొప్పగా అనిపించేది ఆయన తన కొలబద్ద పరిమితి తానే విప్పి చెప్పడం. డీహెచ్ ఒక సగటు మాత్రమే. లిండర్‌స్ట్రోమ్-లాంగ్ ఎప్పుడో చెప్పాడు, ఎంజైము రెండు తీరుల్లో కత్తిరించవచ్చని. ఒక గొలుసును పట్టుకుని పూర్తిగా తునాతునకలు చేశాకే రెండోదాని జోలికి పోవడం ఒక తీరు. అన్ని గొలుసుల్నీ ముందు కొంచెం కొంచెం తెంపి, తర్వాత నెమ్మదిగా మిగతా పని కానివ్వడం ఇంకో తీరు. రెండు తీరుల్లోనూ డీహెచ్ ఒకటే రావచ్చు. మొదటిదానిలో చెక్కుచెదరని మాంసకృత్తి ఇంకా మిగిలే ఉంటుంది. రుచికి అది చిన్న తేడాయే. పాల మాంసకృత్తి పడని పసిబిడ్డ పాలడబ్బా విషయంలో అది ప్రాణం మీదికి తెచ్చే తేడా. ముక్కలు చేసిన కేసీన్‌తో అమెరికాలో 1942 నుంచే అలాంటి బిడ్డలకు పాలపొడి తయారవుతోంది. అందుకే ఆ డబ్బాలకు డీహెచ్ ఒక్కటే చూసి సరిపెట్టరు, ముక్కల పరిమాణాలు విడిగా కొలుస్తారు, అలర్జీ పరీక్షలు చేస్తారు. ఇంట్లో బిడ్డకు పాలు పడటం లేదని అనుమానం వస్తే, డబ్బా మీది మాటలు చూసి మీరే నిర్ణయించుకోకండి, పిల్లల డాక్టరును అడగండి.

పద్ధతులకూ వయసు మీద పడుతుంది. పసుపు రంగు ఇచ్చే ఆ రసాయనం విషం, నిలవ ఉండదు, పైగా పేలుడు పదార్థాల జాతి. 2001లో డెన్మార్క్ పరిశోధకులే ఆర్థో-థాలాల్డిహైడ్ అనే మరో రసాయనంతో, రెండు నిమిషాల్లో తేలే పరీక్ష ప్రచురించారు. చాలా ప్రయోగశాలలు దానికి మారాయి. మారింది రంగు మాత్రమే. లెక్క అదే లెక్క, డీహెచ్ అదే డీహెచ్, మొత్తం లంకెల పట్టికా అదే.

ఇక్కడ నా అభిప్రాయం దాచుకోను. కత్తి కనిపెట్టినవాళ్లను చరిత్ర గుర్తుపెట్టుకుంటుంది. ట్రిప్సిన్‌కు పేరు పెట్టిన క్యూనే, పెప్సిన్‌ను చూపిన ష్వాన్ మనకు గత సంచికల్లో కథానాయకులు. కోతల్ని లెక్కపెట్టడం నేర్పినవాడు ఎవరి కథలోనూ నాయకుడు కాడు. కానీ బెల్సెన్ డాక్టర్ల చేతిలో లేనిది కత్తి కాదు, లెక్క. ఇంకో విషయం. కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలకు దాచకూడదనే నియమం ఉంది. నోవో లాభం కోసం నడిచే కంపెనీ, దానికి ఆ నియమం లేదు. ఆ కంపెనీ గోడల మధ్య తయారైన గుణకాలు, పట్టికలు, పద్ధతులు అంకెలతో సహా బయటి లోకానికి అందాయి కాబట్టే, ఎంజైములు కొనుక్కునే స్తోమత లేని విద్యార్థి కూడా వాటిని చదివి, బొప్పాయి పాలతోనైనా ప్రయోగం చేసి, తన ఫలితాన్ని డెన్మార్క్ ఫలితం పక్కన పెట్టి చూసుకోగలిగాడు.

ఆడ్లర్-నిస్సెన్ తర్వాత డెన్మార్క్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యాడు. నోవో ఎంజైముల విభాగం 2000లో నోవోజైమ్స్ అనే విడి కంపెనీ అయింది. చేప తలలు, రొయ్య పొట్టు, వేరుశనగ చెక్క, తవుడు, పాల విరుగుడు – దేన్ని ఎంజైముతో అరిగించినా, ఆ పరిశోధన పత్రంలో పద్ధతుల భాగం తెరిచి చూడండి. డీహెచ్ అనే మాట, దాని పక్కన 1979 గానీ 1986 గానీ, ఆడ్లర్-నిస్సెన్ పేరుతో కనిపిస్తుంది.

2024 జనవరిలో నోవోజైమ్స్ మరో డేనిష్ కంపెనీతో కలిసిపోయింది. ఆ రెండో కంపెనీని 1874లో స్థాపించిన క్రిస్టియన్ హాన్సెన్ (ఈస్టు వేరుచేసిన హాన్సెన్ వేరే మనిషి) దూడ కడుపులోని ఎంజైమును, ప్రతి సీసాలో ఒకే బలం ఉండేలా చేసి చీజ్ తయారుచేసేవాళ్లకు అమ్మాడు. పాలు విరిచే ఆ రెన్నెట్ కథ వచ్చే సంచికలో.